గోడ వెనక నీళ్లు

(హైదరాబాద్‌లో గుట్ట వాలు మీద వెలసిన ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో, మృగశిర కార్తెకు ముందు ఆదివారం చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అమ్మలకు, పిల్లలకు నమస్కారం. రోహిణి కార్తె రోళ్లు పగలగొడుతోంది, ఇంత ఎండలోనూ మీరు ఇళ్లు వదిలి వచ్చారు. సంఘం కార్యదర్శిగారు నన్ను ‘వానాకాలానికి ముందు ఏం చూసుకోవాలో చెప్పండి’ అని అడిగారు. డాబా మీద ఆకులు తీయడం, మోటారు వైరు చూసుకోవడం మీకు తెలిసిన పనులే. గోడలు కట్టించే మనిషిని కాబట్టి నేను ఒక్క గోడ గురించే మాట్లాడతాను.

ఇందాక మెయిన్ రోడ్డు దగ్గర ఆటో దిగి పైకి నడిచే వచ్చాను. మీ వీధిలో ఎడమ చేతి వైపు, కింది ప్లాటుకీ పై ప్లాటుకీ మధ్య నిలబడ్డ గోడలు పదకొండు లెక్కపెట్టాను. అందులో నాలుగింటికే నీళ్లు పోయే బొక్కలున్నాయి. ఆ నాలుగింట్లోనూ రెండింటివి సిమెంటుతో మూసేశారు. మిగతా ఏడు గోడలకు అసలు లేవు. వాటిలో ఒక గోడ కింద ఇద్దరు పిల్లలు సైకిలు తొక్కుకుంటున్నారు. ఆ గోడ ఈ రోజు పడుతుందని నేననను. కానీ నిండా తడిసిన రోజున దాని కింద పిల్లల్ని ఆడనివ్వొద్దని మాత్రం ఇంత ముందుగా చెప్పుకుంటున్నాను.

2020 అక్టోబరు 13, 14 తేదీలు మీలో ఎవరూ మరిచి ఉండరు. బేగంపేటలో ఒక్క రోజులో సుమారు 19 సెంటీమీటర్ల వాన పడింది. శివారులో కొన్ని చోట్ల 30 దాటింది. ఆ రాత్రి బండ్లగూడ దగ్గర గుట్ట మీది ప్రహరీ గోడ కింది ఇళ్ల మీద కూలింది. పసిబిడ్డతో సహా ఒకే రాత్రి ఎన్నో ప్రాణాలు పోయాయి. తర్వాత 2024 మే 7న బాచుపల్లిలో కడుతున్న అపార్టుమెంటు రిటైనింగ్ వాల్, అంటే మట్టిని ఆపే గోడ, కూలి, కింద రేకుల షెడ్లలో ఉన్న ఏడుగురు చనిపోయారు. పొట్ట చేత పట్టుకుని పరాయి రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు వాళ్లు. అందులో నాలుగేళ్ల బాబు ఉన్నాడు. తేదీ గమనించండి, మే నెల. వానాకాలం కూడా కాదు. సాయంత్రం ఉరుములతో వచ్చే ఒక్క వాన చాలింది.

ఈ రెండు చోట్లా ఏ లోపం ఎంత ఉందో తేల్చడం విచారణ చేసినవాళ్ల పని. నేను చెప్పేది రెండింటిలోనూ కళ్లకు కనిపించే విషయం. పైన నేల, కింద మనుషులు, మధ్యలో గోడ, ఆ పైన వాన. మన నగరంలో ఈ నాలుగూ కలిసిన చోట్లు వేలల్లో ఉంటాయి. మీ కాలనీ వాటిలో ఒకటి.

మన నేల సంగతి ముందు చూద్దాం. హైదరాబాద్ అంటే గ్రానైటు. సుమారు రెండున్నర వందల కోట్ల ఏళ్ల నాటి బండ. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, గోల్కొండ, మౌలాలి ఎటు చూసినా అదే రాయి. బండ మీద ఇల్లు కడితే ఇంకేం భయం అనుకుంటాం. నిజమే, ఇల్లు బండ మీదే ఉంటే భయం లేదు. కానీ ఈ బండ పైనుంచి కింది దాకా ఒకే ముద్ద కాదు. ఎండకూ వానకూ మగ్గి మగ్గి పైన ఎర్రమట్టి అవుతుంది, దాని కింద మొరం, మొరంలో అక్కడక్కడా చివకకుండా మిగిలిన గుండ్లు, ఆ కింద అసలు బండ. బండలో కూడా ఉల్లిపొరల్లా పొరలు విడుతుంటాయి. వాన నీళ్లు ఎర్రమట్టిలోంచి మొరంలోకి దిగి, బండ తగలగానే ఇక కిందికి పోలేక ఆ బండ వాలు పట్టుకుని పక్కకి నడుస్తాయి. ఎక్కడ మనం ప్లాటు కోసం వాలును నిలువుగా కోశామో సరిగ్గా అక్కడ బయటికి వస్తాయి. ‘మా పైన చెరువు లేదు, నాలా లేదు, ఈ ఊట ఎక్కడిదండీ’ అని చాలామంది అడుగుతారు. ఆ ఊట మీ పై వీధిలో, అంతకు పై వీధిలో పడిన వానే. రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది, అంతే. వాన వెలిసిన మూడో రోజు ఎండలో గోడలు కూలడానికి ఇదీ ఒక కారణం.

నగరం చుట్టుపక్కల నల్లరేగడి కూడా ఉంది. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ ఆవరణలోనే ఎర్రనేల, నల్లనేల రెండూ ఉన్నాయి. నేల కోత మీద అక్కడ ఎన్నో ఏళ్లు ప్రయోగాలు జరిగాయి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పత్తికి బంగారం లాంటి మట్టి. గోడ వెనక పోస్తే మాత్రం ఏడాదికోసారి గోడను నెట్టి, మళ్లీ వదిలి, మళ్లీ నెడుతుంది. చౌకగా దొరికిందని టిప్పరువాడు ఏ మట్టి తెస్తే అది పోయించుకోకండి. టిప్పరు దింపే ముందు ఒక గుప్పెడు తీసి తడిపి చూడండి. వేళ్లకు జిగటగా పట్టుకుంటే వెనక్కి పంపండి.

ఇక గోడ. మనకు గోడ అంటే ప్రహరీ. హద్దు చూపాలి, కుక్క రాకూడదు, దొంగ దూకకూడదు. రెండు పక్కలా నేల ఒకే మట్టంలో ఉంటే ఆ గోడ తన బరువు తాను మోస్తే చాలు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ సరిపోతుంది. ఒక పక్క నేల నాలుగడుగులు పైకి లేచిందనుకోండి. గోడ పేరు మారదు, పని మారిపోతుంది. ఇప్పుడది పగలూ రాత్రీ ఒక కొండను భుజంతో ఆపుతోంది. మన ఊళ్లో చాలా గోడలు ఇలాగే రిటైనింగ్ వాల్స్ అయిపోయాయి. ముందు ప్రహరీ కట్టారు, తర్వాత వాస్తు కోసమో పార్కింగు కోసమో లోపల మట్టి పోసి మట్టం లేపారు. ఆ గోడను ఎవరూ రిటైనింగ్ వాల్‌గా లెక్క వేయలేదు. ఎవరైనా ఇంజనీరు ‘ఇది ఆగదు’ అంటే ‘కాంపౌండ్ వాలే కదా సార్’ అంటారు.

లెక్క చెబుతాను, కష్టమైనది కాదు. గోడ 2 మీటర్ల ఎత్తు, అంటే ఆరున్నర అడుగులు అనుకోండి. వెనక మొరం లాంటి మంచి మట్టి, పొడిగా ఉంది, పైన చదునుగా ఉంది. గోడ పొడవులో ప్రతి మీటరునూ ఆ మట్టి సుమారు 1.2 టన్నుల బలంతో నెడుతుంది. అదే మట్టిలో పైదాకా నీళ్లు నిండి, పోవడానికి దారి లేకపోతే ఆ బలం సుమారు 2.6 టన్నులు అవుతుంది. రెండింతలకు పైన. గోడ అదే, మట్టి అదే, పునాది అదే. మధ్యలో వచ్చి చేరింది నీళ్లే.

ఎందుకలా? మట్టి కుప్ప పోయండి, వాలుగా నిలబడుతుంది. రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కాబట్టి తమ బరువులో కొంత తామే మోసుకుంటాయి. గోడ మీద పడేది మిగిలిన వాటా. నీళ్లను కుప్ప పోయగలమా? నీటికి ఆ పట్టు లేదు. ఎంత లోతుంటే అంత బలంతో పక్కకీ నెడుతుంది, ఒక్క వీసం కూడా తగ్గించదు. మట్టి ఎంత నెడుతుందో 1776లో కూలుంబ్ అనే ఫ్రెంచి సైనిక ఇంజనీరు లెక్క కట్టాడు, 1857లో రాంకిన్ దాన్ని ఇంకాస్త సులువు చేశాడు. మన పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇప్పటికీ ఆ లెక్కలే చేస్తున్నారు. పరీక్షలో ‘గోడ వెనక నీళ్లు లేవనుకొనుము’ అని రాసి ఉంటుంది. సైటులో ఆ మాటను మనం నిజం చేయాలి, దానంతటది నిజం కాదు.

ఎత్తు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆరడుగుల గోడను తొమ్మిదడుగులు చేస్తే ఎత్తు ఒకటిన్నర రెట్లు పెరిగింది కాబట్టి స్టీలు, సిమెంటు కూడా ఒకటిన్నర రెట్లు వేస్తే చాలు అనుకుంటారు. గోడను పడదోసే బలం ఎత్తుతో పాటు అంచెలంచెలుగా పెరిగి మూడు రెట్లు దాటుతుంది. కాబట్టి ‘ఇంకో మూడు వరసలు లేపెయ్ మేస్త్రీ’ అనే మాట చాలా ఖరీదైన మాట.

మీ ప్లాటు మీద ఎన్ని నీళ్లు పడతాయో కూడా ఒకసారి చూడండి. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. 10 సెంటీమీటర్ల వాన పడితే 16,700 లీటర్లు. వేసవిలో మీరు తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడింటికి పైనే. మూడు ట్యాంకర్లను మీ గోడ వెనక ఒకేసారి విప్పమని ఎవరైనా అంటారా? డాబా పైపును తిన్నగా గోడ పక్కన మట్టిలోకి వదిలిన ప్రతి ఇంట్లోనూ జరిగేది అదే.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. పని మొదలుపెట్టిన కొత్తలో, గుట్ట మీద ఉన్న ఒక కాలనీలో ఏడడుగుల రాతి గోడ కట్టించాను. పాలమూరు నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ కట్టాడు. రాయి ఎక్కడ సుత్తి దెబ్బకు విడుతుందో చూడగానే చెప్పగలిగిన మనిషి. ఐదడుగులకొకటి చొప్పున నీళ్ల బొక్కలు పెట్టాడు. మొదటి వానాకాలంలో వాటిలోంచి ఎర్ర నీళ్లు కారి, కొత్తగా రంగు వేసిన గోడ మీద చారలు పడ్డాయి. ఆ ఇంట్లో పెళ్లి ఉంది. ఇంటివారు ‘చూడ్డానికి బాగాలేదు, మూసేయండి’ అన్నారు. మేస్త్రీ నా దగ్గరికి వచ్చి ‘సార్, నీళ్లు పోనియ్యాలె. ఆపితే అవి మనల్ని ఆపుతయ్’ అన్నాడు. నేను ఇంటివారి మాటే విన్నాను. మరుసటి ఏడాది ఆగస్టులో గోడ నాలుగంగుళాలు ముందుకు ఒరిగింది. పైన పార్కింగు టైల్స్ మధ్య గోడకు సమాంతరంగా చెయ్యి దూరేంత పగులు. కింది ఇంటివాళ్లను ఆ రాత్రి బంధువుల ఇంటికి పంపించాం. ఎవరికీ ఏమీ కాలేదు. గోడ విప్పి మళ్లీ కట్టాం, ఆ మేస్త్రీయే కట్టాడు, నన్ను ఒక్క మాట అనలేదు. విప్పినప్పుడు వెనక చూస్తే నడుం దాకా బురద. మూసిన ప్రతి బొక్క వెనకా నీళ్లు నిలిచి ఉన్నాయి.

ఆ రోజు నుంచి నాకు గోడ గురించి ఆలోచించాలంటే చెరువు కట్టే గుర్తొస్తుంది. రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల కట్టలు ఏడెనిమిది వందల ఏళ్లుగా ఉన్నాయి. మన హుస్సేన్‌సాగర్ 1560ల నాటిది. చెరువు కట్టకు నీళ్లను ఆపడమే పని. అలాంటి కట్టకు కూడా మన పెద్దలు తూము పెట్టారు, మత్తడి పెట్టారు. నిండితే పొర్లి పోవడానికి దారి చూపకుండా ఒక్క కట్టా పోయలేదు. మన ఇంటి గోడకు నీళ్లను ఆపే పనే లేదు, మట్టిని ఆపితే చాలు. అయినా దానికి తూములు పెట్టడానికి మనకు మనసు రావడం లేదు.

మరి ఎలా కట్టాలి? కొత్తగా కట్టుకునేవాళ్ల కోసం చెబుతున్నాను, పాత గోడల సంగతికి చివర్లో వస్తాను.

పునాది పోసిన మట్టిలో వేయకూడదు. అసలు నేల తగలాలి, మొరమో బండో. ముందు పక్క నేల మట్టానికి కనీసం రెండు మూడడుగులు లోపలికి దిగాలి. ఎదురుగా ఎవరైనా కాలువ తవ్వినా అడుగు బయటపడకూడదు. రాతి గోడ అయితే అడుగున మందం ఎత్తులో సగానికి తగ్గకూడదు, మూడింట రెండొంతుల దాకా ఉంటే నిశ్చింత. పైకి పోయేకొద్దీ సన్నబడవచ్చు. మట్టి వైపు కొంచెం ఒరిగి ఉంటే ఇంకా మంచిది. మూడు నాలుగడుగులకొకటి గోడ మందం మొత్తం పట్టే పొడవాటి రాయి పడాలి. అది లేకపోతే ముందు పొర, వెనక పొర విడివిడిగా నిలబడతాయి, మధ్యలో చిప్పలూ సున్నమూ తప్ప ఏమీ ఉండదు. మనకు రాయి కొదవ లేదు, చేయి తిరిగిన రాతి మేస్త్రీలు ఇంకా ఉన్నారు. ఆరడుగుల లోపు ఎత్తుకు నేనైతే రాతి గోడకే ఓటేస్తాను.

అంతకంటే ఎత్తయితే ఇనుప చువ్వలు కట్టి కాంక్రీటు పోసే ఆర్‌సీసీ గోడ, దానికి స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగు. ఇందులో బేరం లేదు. ఆర్‌సీసీ గోడ అడ్డంగా కోసి చూస్తే ఎల్ అక్షరం లాగో, తిరగేసిన టీ లాగో ఉంటుంది. మట్టి కిందికి చొచ్చుకుపోయిన ఆ పాదం మీద మట్టే కూర్చుని గోడను పడకుండా పట్టుకుంటుంది. మట్టి బరువునే మట్టి మీద వాడుకోవడం, ఎంత చక్కని ఆలోచనో చూడండి. స్థలం కలిసి రాలేదని ఆ పాదం కత్తిరించిన గోడలు నేను చాలా చూశాను. ఇంకో పెద్ద తప్పు స్టీలు విషయంలో జరుగుతుంది. మట్టి నెట్టినప్పుడు గోడ సాగేది మట్టి వైపు ముఖం, నలిగేది బయటి ముఖం. కాంక్రీటుకు నలుగుడు ఓర్పు ఉంది, సాగుడు ఓర్పు లేదు. కాబట్టి ముఖ్యమైన స్టీలు మట్టి వైపు ఉండాలి. సెంట్రింగు వాళ్లు పొరపాటున బయటి వైపు కట్టేస్తే ఎంత లావు చువ్వ వేసినా దండగే. కాంక్రీటు పోసే ముందు రోజు మీరే వెళ్లి చూడండి. ఇంజనీరింగ్ చదవనక్కర్లేదు, మట్టి ఎటుందో చువ్వలు అటు ఎక్కువున్నాయా అని చూస్తే చాలు.

వెనక పని గోడ కన్నా ముఖ్యం. దాని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే అది కట్టాక ఎవరికీ కనిపించదు, కనిపించని పనికి డబ్బు పెట్టడానికి ఎవరికీ చేయి రాదు.

గోడలో 3 లేదా 4 అంగుళాల పీవీసీ పైపు ముక్కలు పెట్టాలి. అడ్డంగా, నిలువుగా నాలుగైదు అడుగులకొకటి. పై వరస బొక్కలు కింది వరస బొక్కల మధ్యలోకి రావాలి. పైపు బయటికి వాలి ఉండాలి. అడుగు వరస ముందు నేలకు అర అడుగు పైన ఉంటే సరిపోతుంది. పైపు వెనక తిన్నగా మట్టి పోస్తే ఏమవుతుంది? నీళ్లతో పాటు మట్టీ వచ్చేస్తుంది. మొదట్లో ఎవరూ గమనించరు, తర్వాత ఒక రోజు పైన కారు చక్రం కింద టైల్ దిగబడుతుంది. మట్టి కోసుకుపోకుండా కట్టిన గోడే మట్టిని పంపేస్తోందన్నమాట. చాయ్ వడగట్టే జాలి లాంటిది ఒకటి కావాలి. అందుకని గోడకు ఆనించి అడుగు మందాన కంకర, 20 ఎంఎం, 40 ఎంఎం కలిపి, కింది నుంచి దాదాపు పైదాకా పోయాలి. ఆ కంకరకూ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ అనే గుడ్డ పరచాలి. మందంగా కంబళిలా ఉంటుంది, నీళ్లను వదులుతుంది, మట్టిని పట్టుకుంటుంది. సిమెంటు సంచులు పరిచి అదే పని అవుతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. కంకర అడుగున బొక్కలున్న పైపు ఒకటి గోడ పొడవునా వాలుగా పడుకోబెట్టి, చివర కాలువలోకి వదిలితే ఇంకా మంచిది. గోడ మంచిదయితే దాని బొక్కల్లోంచి తేట నీళ్లు వస్తాయి. మొదటి వాన తర్వాత కూడా ఎర్ర బురద ఆగకుండా వస్తుంటే జాలి పని చేయడం లేదని అర్థం.

ఆ తర్వాత మట్టి. ఎనిమిది తొమ్మిది అంగుళాల పొరలుగా పోసి, తడిపి, ప్రతి పొరనూ దిమ్మిసతోనో చేతి మిషనుతోనో గట్టిగా దిమ్మిస కొట్టాలి. పాత ఇల్లు కూల్చిన ముక్కలు, ప్లాస్టరు చెత్త, చెట్ల మొదళ్లు వేయొద్దు. గోడకు నాలుగైదు అడుగుల లోపలికి జేసీబీని, రోలరును రానివ్వొద్దు. కొత్త గోడను వాటి బరువే తోసేస్తుంది. కాంక్రీటు గోడయితే క్యూరింగు, అంటే నీళ్లతో తడిపి ఉంచడం, పూర్తయి బలం వచ్చేదాకా మట్టి పోయొద్దు. పైన చివరి అడుగు మాత్రం నీళ్లు ఇంకని బంక మట్టితోనో పలకలతోనో మూసి, గోడకు దూరంగా వాలు ఇచ్చి, ఒక చిన్న కాలువ తీయాలి. లోపలికి దిగకముందే నీళ్లను పట్టుకోవడం అన్నిటికన్నా చౌక. ఆ కాలువ, గోడ ముందు కాలువ, రెండూ వాన నీటి కాలువలోనే కలవాలి. దయచేసి డ్రైనేజీ మ్యాన్‌హోల్ మూత తీసి అందులోకి వదలకండి. నీళ్లలో కనిపించని మ్యాన్‌హోల్ ఈ నగరంలో ఎంతమందిని మింగిందో మీకు తెలుసు.

ఇంకుడు గుంత గురించి ఇక్కడే ఒక మాట. ఇంకుడు గుంతలు తవ్వమని అందరికీ చెబుతున్నారు, నేనూ చెబుతాను. మన బోర్లు బతకాలంటే తప్పదు. కానీ గోడకు ఆనుకుని పై పక్కన ఇంకుడు గుంత తవ్వారంటే గోడ వెనక నీళ్లు నింపే యంత్రం పెట్టినట్టే. గోడ ఎత్తుకు కనీసం రెండింతల దూరం జరపండి, కుదరకపోతే ప్లాటులో కింది భాగంలో తవ్వండి. సంపు కూడా అంతే. 10,000 లీటర్ల సంపు అంటే 10 టన్నుల బరువు, అది కాస్త కారుతోందంటే బరువుకు తోడు ఊట.

స్థలం ఉన్నవాళ్లు ఒకే పదడుగుల గోడ బదులు ఐదడుగుల గోడలు రెండు మెట్లుగా కట్టుకోవచ్చు. పై గోడ కింది గోడకు బాగా వెనక్కి, కింది గోడ ఎత్తుకు రెండింతలైనా జరగాలి. దగ్గరగా కడితే పై గోడ బరువు కింది గోడ మీదే పడుతుంది. మధ్య మెట్టు మీద వట్టివేరు నాటండి. దాని వేళ్లు పక్కలకు పాకవు, నిట్టనిలువుగా దిగుతాయి, మంచి నేలలో రెండు మూడు మీటర్ల దాకా పోతాయి. మృగశిర వానలకు నాటితే ఆ ఏడాదే పట్టుకుంటుంది. రావి, మర్రి మొలకలు రాళ్ల సందుల్లో కనిపిస్తే మాత్రం చిన్నప్పుడే పీకేయండి. పెద్దయ్యాక తీయడానికి మనకు మనసు రాదు, తీసినా గోడ ఉండదు.

పని ఎప్పుడు చేయాలి? సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి ఏప్రిల్ లోపు ముగించాలి. గోడ పనిలో అన్నిటికన్నా ప్రమాదమైన రోజులు గోడ కట్టక ముందువి. వాలును నిలువుగా కోసి వదిలేసిన రోజులు అవి. పొడుగంతా ఒకేసారి కోయకండి, పది పన్నెండు అడుగుల ముక్క కోసి, కట్టి, తర్వాత పక్క ముక్క. కోత మీద టార్పాలిన్ కప్పండి. ఇంకా ముఖ్యంగా కూలీల గుడిసెలు కోత కిందా, కొత్త గోడ కిందా వేయనివ్వకండి. వాళ్లకు స్థలం చూపించేది మనం. నీడ ఉంది, నీళ్లు దగ్గర అని వాళ్లు గోడ కిందే వేసుకుంటారు. ‘అక్కడొద్దు తమ్మీ, రోడ్డు పక్కన వేసుకో’ అని చెప్పడం ఇల్లు కట్టించుకునేవాళ్ల బాధ్యత. బాచుపల్లిలో ఆ సాయంత్రం ఆ షెడ్లు ఇంకో యాభై అడుగులు దూరంగా ఉండి ఉంటే అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

పై ఇంటివాళ్లకూ కింది ఇంటివాళ్లకూ గోడ ఎవరు కట్టాలన్న తగాదా ప్రతి కాలనీలోనూ ఉంది. నేల తన సహజ స్థితిలో ఉండగా దానికి పక్క నేల ఇచ్చే ఆసరాను, పై నేల మీద పడిన వాన నీళ్లు సహజంగా కింది నేల మీదుగా పోవడాన్ని 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం హక్కులకు ఉదాహరణలుగా చెప్పింది. అంటే అప్పటివాళ్లకే తెలుసు, ఒకరి నేల ఇంకొకరి నేలను ఆనుకుని బతుకుతుందని. నా సొంత అభిప్రాయం ఇది: కింద కోసినవారు కోసినందుకు కట్టాలి, పైన మట్టి పోసి లేపినవారు లేపినంత మేర కట్టాలి. ఇద్దరూ చేసి ఉంటే ఇద్దరూ కూర్చుని ఒకే ఇంజనీరును పిలిచి ఒకే గోడ కట్టుకోవాలి. రెండు గోడలు వీపు వీపు ఆనించి కట్టుకున్న ఇళ్లు చూశాను. మధ్య సందులో నీళ్లు నిలిచి రెండూ పాడయ్యాయి.

ఇక పాత గోడలు. మొదటి వాన పడ్డప్పుడు గొడుగు వేసుకుని బయటికి వెళ్లండి. వానలో చూస్తేనే తెలుస్తుంది, నీళ్లు ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో. దారానికి గుండు కట్టి గోడ పైనుంచి వదిలి, అడుగున ఎంత ఎడం వచ్చిందో గోడ మీదే పెన్సిలుతో తేదీ వేసి రాయండి. నెల తర్వాత మళ్లీ చూడండి. ఎడం మారకపోతే పర్వాలేదు, మారుతుంటే ఇంజనీరును పిలవండి. గోడ మధ్యలో పొట్టలా ఉబ్బితే, కింది మూడో వంతులో అడ్డంగా పగులు వస్తే, పైన నేలలో గోడకు సమాంతరంగా పగులు కనిపిస్తే ఆలోచిస్తూ కూర్చోవద్దు. కింద ఉన్నవాళ్లను వెంటనే లేపండి. అర్ధరాత్రయినా తలుపు కొట్టండి, మొహమాటం వద్దు. పైన కార్లుంటే తీసేయండి, పగులు మీద టార్పాలిన్ కప్పి నీళ్లను పక్కకు మళ్లించండి, గోడ అడుగున ఎవరూ తవ్వకూడదు. 112కి ఫోన్ చేయండి. గోడకు అడ్డంగా కట్టెలు పోటు పెడదామని కిందికి దిగకండి. ఆ కట్టెలు టన్నుల బరువును ఆపలేవు.

బొక్కలు లేని గోడకు తర్వాత కూడా బొక్కలు పెట్టొచ్చు. గుండ్రంగా బొక్క కోసే కోర్ కటింగు మిషనుతో అడుగు వరసలో ముందు పెట్టి, చిల్లుల పైపుకు జియోటెక్స్‌టైల్ చుట్టి లోపలికి దూర్చాలి. సుత్తీ ఉలీతో బాదొద్దు, నీళ్లు నిండి ఉన్నప్పుడు అసలే వద్దు. ఎండాకాలం పని అది. ఈ ఏడాదికి సమయం దాదాపు అయిపోయింది. కానీ మూసేసిన బొక్కలు తెరవడానికి ఇంకా వారం రోజులుంది, డాబా పైపులను గోడకు దూరంగా మళ్లించడానికి ఒక్క రోజు చాలు.

మీ హాలు వెనక గోడకు పన్నెండు బొక్కలున్నాయి, వచ్చేటప్పుడు చూశాను. ఎడమ నుంచి మూడోదీ ఏడోదీ మూసుకుపోయాయి. ఏడో దానిలో మట్టి గూడు కట్టింది, మూడో దానిలో ఎవరో సిమెంటు కూరారు. చాయ్ తాగాక అక్కడికి వెళ్దాం. ఎవరింట్లోనైనా నాలుగడుగుల ఇనుప చువ్వ ఉంటే తీసుకురండి. పిల్లలు కూడా రావచ్చు, కానీ గోడకు పక్కగా నిలబడాలి, ఎదురుగా వద్దు.